పారిపోని సిపాయి

టార్పాలిన్ తొలగించగానే ఏజెంట్ 27 చూపు ఆ కుర్రవాడి మీసం దగ్గర ఆగిపోయింది. నూనూగు మీసం. అద్దంలో చూసుకుని మురిసిపోయే వయసు. దానికి కాస్త కింద, మెడ పక్కన, పెన్సిల్ మొన దిగినంత చిన్న గాయం.

"సూది కత్తి. ప్రొఫెషనల్ పని," అన్నాడు కల్నల్ గోవిందరాజులు. "అరిచే టైమ్ కూడా ఇవ్వలేదు."

సిపాయి నరసింహులు. సొంత ఊరు ధర్మవరం. మొన్న సాయంత్రం పెనుకొండ కొండ వెనక మిలిటరీ డిపోలో, రైల్వే సైడింగ్ దగ్గర సెంట్రీ డ్యూటీకి నిలబడ్డాడు. డ్యూటీ మార్చడానికి వెళ్ళిన హవల్దారుకు మనిషీ కనిపించలేదు, రైఫిలూ కనిపించలేదు. రెండూ ఈ ఉదయం డిపో మూలనున్న పాడుబావిలో దొరికాయి.

అది 1965 సెప్టెంబరు. సరిహద్దులో ఫిరంగులు మోగుతున్నాయి. వాటికి కావలసిన గుండ్లు బెంగుళూరు వైపు నుంచి రైళ్ళలో హిందూపురం మీదుగా వచ్చి, పెనుకొండ డిపోలో మరికొన్ని పెట్టెలు తగిలించుకుని ఉత్తరాదికి పోతున్నాయి.

ఏజెంట్ 27కు అమ్మానాన్న పెట్టిన పేరు ఓబులేసు. తాడిపత్రి దగ్గర పల్లెలో పుట్టాడు. సూటూ బూటూ వేసుకున్న గూఢచారికి ఓబులేసు అనే పేరేమిటని బ్యూరోలో నవ్వేవాళ్ళున్నారు. వాళ్ళలో కొందరి ప్రాణాలు అతనే కాపాడాడు కనుక ఆ నవ్వు పెదవి దాటి బయటికి రాదు.

"పిడికిలి విప్పడానికి డాక్టరు నానా తంటాలు పడ్డాడు. లోపల ఇది ఉంది," అంటూ కల్నల్ జేబులోంచి ఒక నల్లటి బిళ్ళ తీశాడు. జీపు బానెట్ దగ్గరికి తీసుకెళ్ళగానే అది టక్కున అతుక్కుంది. "మ్యాగ్నెట్. దీనికి టైమ్ బాంబు తగిలించి రైలు పెట్టె కింద అంటిస్తే మూడోకంటికి కనపడదు. మొన్న వాళ్ళు రిహార్సల్‌కి వచ్చారు. ఖాళీ పెట్టెకు అంటించి చూస్తుంటే ఈ అబ్బాయి పీకేశాడు."

"వాళ్ళంటే ఎవరు సార్?"

"ప్రొఫెసర్ అని ఒక విదేశీయుడు. కోట రాళ్ళ మీద పరిశోధన అంటూ పెనుకొండలో దిగాడు. మొన్నటి నుంచి లేడు. బెంగుళూరులో ఎక్కడో నక్కి ఉన్నాడు. కాని వాడి మనిషి ఒకరు ఇక్కడే ఉన్నారు. గురువారం గుండ్ల స్పెషల్ వస్తుంది. అది డిపో మధ్యలో నిలబడి పేలిందంటే డిపోతోపాటు పెనుకొండ కూడా మిగలదు."

"స్పెషల్‌ను ఆపేద్దాం."

"అక్కడ మన ఫిరంగులు నోళ్ళు తెరుచుకుని కూర్చున్నాయి. ఆపలేం. ఆపినా వాడు తర్వాతి రైలు చూసుకుంటాడు." కల్నల్ గొంతు తగ్గించాడు. "శవాన్ని బావిలో ఎందుకు వేశారు? కుర్రవాడు పారిపోయాడని మనం నమ్మాలని. మనం నిన్నంతా అలాగే నమ్మాం, డెసర్టర్ అని ప్రకటించాం కూడా. ఆ ప్రకటన అలాగే ఉండనీ. తమ ఎత్తు పారిందనుకుంటే వాళ్ళు ప్లాన్ మార్చరు."

"తల్లికి?"

"ఎవరికీ చెప్పకూడదు. నువ్వు మిలిటరీ పోలీసు వేషంలో వాళ్ళింటికి వెళ్ళి, పారిపోయినవాడి కోసం వెతుకుతున్నట్టు విచారించాలి. విచారించకపోతే ముఠాకు అనుమానం వస్తుంది. బెంగుళూరు బ్రాంచి నుంచి మిస్ కామినిని నీకు తోడిస్తున్నాను. ఆడవాళ్ళతో మాట కలపడానికి పనికొస్తుంది. ఆమెకు కూడా ఇది డెసర్షన్ కేసనే చెప్పాను. శవం సంగతి తెలిసింది నీకు, నాకు, డాక్టరుకు, బావిలోంచి తీసిన హవల్దారుకు. అంతే."

ఆ సాయంత్రమే నరసింహులును కొండ వెనక పూడ్చిపెట్టారు. తుపాకులు పేల్చలేదు. గుర్తుకు రాయి కూడా పాతలేదు. ఓబులేసు గుంటలో పిడికెడు మట్టి వేసి, 'పని ముగిశాక మీ అమ్మకు నేనే వచ్చి చెప్తాను తమ్ముడూ' అని మనసులో అనుకున్నాడు. అంతకు మించి చేయగలిగింది ఏమీ లేకపోయింది.

*

మిస్ కామిని జీపు దిగుతుంటే పెనుకొండ బస్టాండులో రెండు సైకిళ్ళు ఒకదానికొకటి గుద్దుకున్నాయి. చలవ కళ్ళద్దాలు, చేతుల్లేని జాకెట్టు, గులాబీరంగు లిప్‌స్టిక్. ఆమె ఇంగ్లీషు వింటే దొరసానులు కూడా తడబడాల్సిందే. బ్రాంచిలో ఆమెకు మంచి పేరుంది.

"డెసర్టర్ కేసుకి మనమిద్దరమా? ఎలుక కోసం కొండను తవ్వడం కాదూ?" అని నవ్విందామె.

"కొండ ఎలాగూ ఇక్కడే ఉంది కదా," అన్నాడు ఓబులేసు.

ధర్మవరంలో అంజనమ్మ ఇల్లు ఒక సందు చివర ఉంది. సందు పొడుగునా మగ్గాల చప్పుడు. ఆమె వాకిట్లో కూర్చుని రాట్నం తిప్పుతూ పట్టు కండెలు చుడుతోంది. భర్త పోయాక నేసేవాళ్ళకు కండెలు చుట్టి ఇచ్చి కొడుకును పెంచింది. ఖాకీ బట్టలు చూడగానే రాట్నం ఆపింది. పక్కిళ్ళలో మగ్గాలు కూడా ఆగాయి.

"వాడు మళ్ళీ డ్యూటీకి వచ్చినాడా సార్?"

"లేదమ్మా. ఈడికేమన్నా వచ్చినాడేమోనని అడిగేకి వచ్చినాం," అన్నాడు ఓబులేసు. సొంత యాస దానంతటదే నోటికి వచ్చేసింది.

"నిన్ననే పోలీసోళ్ళు వచ్చి పారిపోయినాడని చెప్పి పోయిరి. అప్పట్నుంచి నా ఇంటి ముందర నడిచేటోళ్ళంతా ఉమ్మేసి పోతాండారు. యుద్ధానికి భయపడి నా కొడుకు పారిపోయినాడంట!" ఆమె లేచి నిలబడింది. "సార్, వాడు చిన్నప్పుడు పాము కరిచినోన్ని భుజాన ఏసుకోని ఆస్పత్రికి పరిగెత్తినోడు. వాడు చచ్చిపోయినాడని చెప్పండి, గుండె రాయి చేసుకోని నమ్ముతా. పారిపోయినాడంటే మాత్రం ఈ జన్మలో నమ్మను."

ఆ తల్లి సరిగ్గా నిజం చెబుతోంది. అవునమ్మా అనడానికి ఓబులేసుకు అధికారం లేదు. ఇంత చేతకాని మనిషిననిపించిన రోజు అతని సర్వీసులో మరొకటి లేదు.

కామిని ఆమె భుజం మీద చెయ్యి వేసి, స్నేహితులెవరు, ఉత్తరాలు రాసేవాడా అని మెత్తగా అడిగింది. అంజనమ్మ కూడా ఆమె మీద చెయ్యి పెట్టి, తల్లీ అంటూ అన్నిటికీ బదులు చెప్పి, ఇంటికి వచ్చినవాళ్ళను ఒట్టిగా పంపకూడదని రెండు లోటాల మజ్జిగ తెచ్చింది. ఓబులేసుకు చెయ్యి చాచడానికి ప్రాణం ఒప్పలేదు. చావు జరిగిన ఇంట్లో పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరని చిన్నప్పటి నుంచి ఒంటికి పట్టిన అలవాటు. కాని ఈ ఇంట్లో చావు జరిగిన సంగతి తనకు తెలియనట్టు ఉండాలి. కళ్ళు మూసుకుని గటగటా తాగేశాడు.

"నాకు పడదమ్మా, జలుబు," అంటూ కామిని లోటా పక్కన పెట్టింది.

వెళ్ళేటప్పుడు 'పోయొస్తామమ్మా' అనడానికి అతనికి ఇంకా కష్టమైంది. చావు ఇంటి నుంచి లేచేవాళ్ళు ఆ మాట అనరు. అలాంటి పని మీద మళ్ళీ రావలసి వస్తుందని భయం. అయినా అన్నాడు. గుమ్మం వైపు చూస్తే కామిని అప్పటికే ఎవరితోనూ ఏమీ అనకుండా మెట్లు దిగి జీపు దగ్గరికి వెళ్ళిపోయింది.

పెనుకొండ ట్రావెలర్స్ బంగళా చేరాక ఆమె లోపల అడుగుపెట్టకుండా పెరట్లో కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంది. తర్వాత నేరుగా స్నానాల గదికి పోయింది. భోజనానికి తడి జుట్టు విరబోసుకుని వచ్చింది.

"జలుబన్నావు, తలమీద నీళ్ళు పోసుకున్నావే?" అన్నాడు ఓబులేసు.

"దుమ్ము," అంది కామిని.

ఓబులేసు ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. తను కూడా వచ్చీరాగానే తలమీద నీళ్ళు పోసుకున్నాడు. ఎందుకంటే నరసింహులు చచ్చిపోయాడని తనకు తెలుసు. ఈమెకు ఎవరు చెప్పారు? మజ్జిగ ముట్టలేదు, చెప్పకుండా లేచింది, కాళ్ళు కడిగింది, తలస్నానం చేసింది. విదేశీ శిక్షణలో పిస్తోలు నేర్పారు, విషం నేర్పారు, అబద్ధం నేర్పారు. చావు ఇంట్లో మజ్జిగ తాగడం మాత్రం ఎవరూ నేర్పలేదు.

*

గదిలో తలుపు వేసుకుని ఓబులేసు తమలపాకుల పెట్టె తెరిచాడు. సున్నం డబ్బా తిప్పితే అది వైర్‌లెస్ సెట్.

"పెన్నలో నీళ్ళొచ్చాయా?" అంది కల్నల్ గొంతు.

"ఇంకా ఇసకే సార్." కోడ్ ముగించి సంగతంతా చెప్పాడు.

అవతల కల్నల్ విసుక్కున్నాడు. "నీళ్ళు పోసుకుందని ఆడమనిషిని అరెస్టు చేయమంటావా? ఇది కోర్టులో చెప్తే జడ్జి నన్ను పిచ్చాసుపత్రికి పంపుతాడు."

"మీది మద్రాసు సార్. మా పక్క పుట్టినవాళ్ళకు ఇది వేలిముద్రకంటే గట్టి సాక్ష్యం. బెంగుళూరులో ఆమె పాత ఫైలు చూడమనండి. పుట్టింది ఎక్కడో కనుక్కోండి."

సాయంత్రానికి జవాబు వచ్చింది. మిస్ కామిని అసలు పేరు కుళ్ళాయమ్మ. పుట్టింది హిందూపురంలో. తండ్రి బెల్లం మండీలో మూటలు మోసేవాడు.

"అయినా ముట్టుకోకు," అన్నాడు కల్నల్. "బాంబు ఆమె దగ్గరుందో ఇంకెక్కడుందో తెలియదు. పట్టుకుంటే ప్రొఫెసర్ ఇంకొకర్ని పంపుతాడు. నీడలా వెంట ఉండు."

నీడకైనా ఎండ కావాలి. గురువారం తెల్లవారేసరికి కామిని గదిలో లేదు. 'హిందూపురం సంతలో డెసర్టర్ గురించి వాకబు చేసి వస్తాను' అని వాచ్‌మన్‌తో చెప్పి మొదటి బస్సులో వెళ్ళిపోయింది.

*

హిందూపురం స్టేషను మధ్యాహ్నపు ఎండలో మసిలిపోతోంది. బెల్లం దళారి వేషంలో ఓబులేసు ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు. తలకు రుమాలు, చెవిలో బీడీ, అతికించిన మీసం. స్టేషనులో ఈగలన్నీ ఆ మీసం జిగురు మీదే వాలుతున్నాయి. చలవ కళ్ళద్దాలు ఎక్కడా కనపడలేదు.

గుండ్ల స్పెషల్ వచ్చి ఆగింది. ఇంజను నీళ్ళు పట్టుకోవడానికి వెళ్ళింది. కాపలా సిపాయిలు దిగి కాళ్ళు చాపుకున్నారు. కూలి ఆడవాళ్ళు గంపల్లో బెల్లం దిమ్మలు, వేరుశనక్కాయలు తెచ్చి అమ్ముతున్నారు. "ఎన్ని దుడ్లు?" "అణాకి రెండప్పా!" అని బేరాలు నడుస్తున్నాయి. ముతక చీర కట్టిన ఒక మనిషి గంపతో రైలు చాటుకు వెళ్ళి, ఖాళీ గంపతో తిరిగి వచ్చింది. ఓబులేసు తల తిప్పాడు. ఎన్ని వేషాలు వేసినా నడక మారదు.

నీళ్ళ ట్యాంకు వెనక అతను ఆమెకు అడ్డం నిలిచాడు. ఆమె చేతిలో లిప్‌స్టిక్ గొట్టం ఉంది. మొన అతని గుండెకు గురిపెట్టి ఉంది. ఒకే తూటా పట్టే పిస్తోలు.

"లేటయ్యావు, ట్వంటీ సెవెన్," అంది కామిని ఇంగ్లీషులో. "బాంబు అంటుకుంది. రైలు ఇక్కడే ఆపితే హిందూపురం పోతుంది. పోనిస్తే పెనుకొండ పోతుంది. ఏ ఊరు కావాలో నువ్వే ఎంచుకో."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. అన్ని పెట్టెలు వెతకడానికి వ్యవధి లేదు. ఆమెను కాల్చినా, ఆమె తనను కాల్చినా బాంబు ఆగదు. ఓబులేసు చేతులు కిందికి వదిలేశాడు. అతని దగ్గర ఇంక మిగిలింది ఒక ప్రశ్న మాత్రమే.

"కుళ్ళాయమ్మా, ఆ పొద్దు మజ్జిగ యాల తాగల్యా?"

ఆమె మొహంలో రంగు మారింది.

"జలుబు లేదు నీకు. ఆ ఇంట్లో చావుండాదని నీకు తెలుసు. చూసినావా, కన్నతల్లికి తెలీని చావు నీకు తెలుసు. నేను తాగినా. తాగి రెండు రోజులాయ, ఇంకా దిగల్యా."

లిప్‌స్టిక్ గొట్టం కిందికి దిగింది. ఇంగ్లీషు ఎక్కడికి పోయిందో, హిందూపురం సందుల్లో నేర్చిన మాట బయటికి వచ్చింది.

"నేను చంపలేదప్పా. నన్ను చూసి, 'అక్కా, ఈడికి రాగూడదు, మా మేజర్ చూస్తే తిడతాడు, పో' అన్నాడు. తుపాకి కూడా ఎత్తలేదు. అక్కా అన్నాడు నన్ను! ఆ నోటితో ఇంకో మాట అనకముందే ఎనకనుంచి ప్రొఫెసర్..." ఆమె గోడకు ఆనుకుంది. "ఆయమ్మ చెయ్యి నా మింద పెట్టి తల్లీ అనింది. ఆ పొద్దు నుంచి నాకూ బువ్వ దిగల్యా."

ఇంజను కూత వేసింది. పెట్టెలు గడగడమని కదిలాయి.

"నాలుగో పెట్టె," అంది కుళ్ళాయమ్మ. "ఇంజను కాడ్నుంచి నాలుగోది. మెట్టు కింద ఇనప దూలానికి. బెల్లం దిమ్మ లోపల పెట్టినా. పో, పో!"

ఓబులేసు పరుగెత్తాడు. ప్లాట్‌ఫారం చివర నాలుగో పెట్టె కడ్డీ అందుకుని మెట్టు మీదికి ఎగిరాడు. ఒక చేత్తో వేలాడుతూ రెండో చెయ్యి కిందికి చాచి తడిమాడు. కంకర రాళ్ళు వేళ్ళను కోసేస్తున్నాయి. మొదట తుప్పు, తర్వాత గ్రీజు, తర్వాత జిగట. దొరికింది! పళ్ళు బిగించి లాగితే అయస్కాంతం ఊడివచ్చింది. దిమ్మలోంచి టిక్ టిక్ చప్పుడు వినిపిస్తోంది.

రైలు పెన్న వంతెన ఎక్కింది. కింద ఎండిన ఇసుక, మనిషన్నవాడు లేడు. ఇదే అదను. ఓబులేసు బలంకొద్దీ విసిరాడు.

బాంబు కదల్లేదు. ఎండకు కరిగిన హిందూపురం బెల్లం అతని అరచేతికీ చొక్కా చేతికీ కలిపి పట్టుకుంది. దులిపాడు, విదిలించాడు. వదిలితేగా! ఊడబీకినప్పుడు టైమర్ చెడినట్టుంది, టిక్ టిక్ వేగం హెచ్చింది. ఇంత చదువూ ఇంత ట్రెయినింగూ చివరికి అణా బెల్లానికి చిక్కి చావడానికా అనిపించింది. మోచేతిని కడ్డీకి మెలివేసి, చొక్కా చేతిని పళ్ళతో భుజం దగ్గర పట్టి చించాడు. అరచేతిని పెట్టె అంచుకు గీకాడు. చర్మంతో సహా దిమ్మ ఊడి, చొక్కా గుడ్డతోపాటు వంతెన కిందికి పడింది.

పెన్న ఇసుక తాటిచెట్టంత ఎత్తు లేచింది. చివరి పెట్టె అప్పుడే వంతెన దాటింది.

*

"రాళ్ళు కొట్టేవాళ్ళు మందు పేల్చారని ఊళ్ళో చెప్పించాం," అన్నాడు కల్నల్, ఓబులేసు చేతి కట్టు వైపు చూస్తూ. "మన స్పెషల్ చేరవలసిన చోటికి చేరింది. కంగ్రాచులేషన్స్."

"కుళ్ళాయమ్మ?"

"పారిపోలేదు. నీళ్ళ ట్యాంకు దగ్గరే గంప పక్కన కూర్చుని దొరికింది. మ్యాగ్నెట్ సరిగా అంటుకోక బాంబు వంతెన మీద రాలిపోయిందని ప్రొఫెసర్‌కు కబురు పంపించాం, ఆమె చేతనే. వాడు నమ్మాడు. ఇకనుంచి ఆమె వాడి దగ్గర మన మనిషి. వాడి ముఠా అంతా బయటపడేదాకా వాడి మీద చెయ్యి వెయ్యం."

"నరసింహులు సంగతి?"

కల్నల్ కిటికీ వైపు తిరిగాడు. "శవం దొరికిందని తెలిస్తే మనకు అన్నీ తెలుసని వాడు పసిగడతాడు, ఆమె పంపే కబుర్లు ఇక నమ్మడు. రికార్డులో అలాగే ఉండాలి."

"అంటే చంపినవాడు బెంగుళూరులో కాఫీ తాగుతాడు. వాడికి దారి చూపిన మనిషి గవర్నమెంటు జీతం తీసుకుంటుంది. మన రైలు కోసం చచ్చినవాడు డెసర్టర్. అంతేనా సార్?"

"అంతే," అన్నాడు కల్నల్. ఆయన గొంతులో కూడా బలం లేదు.

ఓబులేసు వదల్లేదు. అడిగాడు, బతిమాలాడు, రాజీనామా చేస్తానన్నాడు. యుద్ధం ఆగింది. దసరా వెళ్ళింది. దీపావళి ముందు ఒకరోజు కల్నల్ ఫోన్ చేశాడు. "పైనుంచి ఒప్పుకున్నారు. కాగితం ఉండదు, మెడల్ ఉండదు. నోటిమాటగా ఆ తల్లి ఒక్కదానికే చెప్పు. కొడుకు పారిపోలేదు, డ్యూటీలో ప్రాణమిచ్చాడని చెప్పు. ఇది ఆర్డర్."

ఓబులేసు ఆ మధ్యాహ్నమే ధర్మవరం వెళ్ళాడు. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు. ఏ మాటతో మొదలుపెట్టాలి, ఏడిస్తే ఏమనాలి, కొండ వెనక చోటు ఎలా చూపించాలి, అన్నీ అనుకున్నాడు. భయంగానే ఉన్నా, గుంట దగ్గర ఇచ్చుకున్న మాట తీరబోతోందని గుండె కొంచెం తేలికపడింది.

అంజనమ్మ రాట్నం ముందు కూర్చుని ఉంది. అతన్ని చూడగానే దిగ్గున లేచి లోపలికి పిలిచి తలుపు దగ్గరగా వేసింది.

"పట్టుకున్యారా ఏందప్పా వాన్ని?"

"లేదమ్మా. నీకొక మాట చెప్పేకి వచ్చినా."

"ముందు నా మాట ఇను నాయనా." ఆమె గొంతు తగ్గించింది. మొహం మాత్రం వెలిగిపోతోంది. "మా సందులో ఉలిగప్ప చీరలమ్మేకి బళ్ళారికి పోయినాడు. ఆడ సంతలో అచ్చం మావోని మాదిరే ఒక పిల్లోడు మూటలు మోస్తాండంట. పిలిస్తే పలక్కుండా జనంలో కలిసిపాయనంట. వాడే! పేరు పిలిస్తే భయపడడా మరి, మిలిటరీకి తెలుస్తాదని?"

ఓబులేసు నోరు తెరిచాడు. ఆమె ఆగలేదు.

"మొదట్లో నేనెంత పిచ్చిదాన్నో! పారిపోయినాడంటే నమ్మను, చచ్చినాడంటే నమ్ముతానంటి మీతో. ఏ తల్లన్నా అట్లంటాదా? ఆ పాపం తగలకుండా రోజూ సామికి మొక్కుకుంటాండా. ఊరోళ్ళు ఉమ్మనీ. పిరికోడైతే ఏమి, బతికుండాడు గదా. యాడో ఒకచోట ఇంత బువ్వ తింటాంటాడు." ఆమె అతని కట్టు కట్టిన చెయ్యి రెండు చేతులా పట్టుకుంది. "నువ్వు మంచోనివి మాదిరి ఉండావు. వాన్ని శానా గట్టిగా ఎతకొద్దండప్పా. దొరికితే జైల్లో ఏస్తారంట. ఎతికినట్ల చేసి ఇడిసిపెట్టండి. ఆఁ, నువ్వేందో చెప్పాలంటివే?"

సందులో మగ్గాలు ఆడుతున్నాయి. కూర్చుకున్న మాటలన్నీ ఓబులేసు నాలుక చివర నిలబడి ఉన్నాయి. ఆర్డర్ ఉంది, నిజం ఉంది, చచ్చినవాడికి ఇచ్చిన మాట ఉంది. ఎదురుగా ఆమె మొహం ఉంది.

"ఏమీ లేదమ్మా," అన్నాడు. "బళ్ళారి పక్క మేము ఎతకబోమని చెప్పేకే వచ్చినా."

ఏజెంట్ 27 దాచిన రహస్యాలకు ప్రభుత్వం మెడల్స్ ఇచ్చింది. చెప్పి తీరమని ప్రభుత్వమే ఆర్డరిచ్చినా అతను దాచేసిన రహస్యం ఇదొక్కటే. రిపోర్టులో మాత్రం 'తల్లికి సమాచారం అందించడమైనది, ఆమె సంతోషించినది' అని రాసి సంతకం పెట్టాడు. కల్నల్ ఆ రెండో ముక్క చదివి, ఓబులేసుకు తెలుగు సరిగా రాదనుకున్నాడు.